అన్నానికి ముందు అనుమానమా?

ధార్మిక సోదరులారా! మత్తు నిషిద్ధమన్న విషయంలో మనకు సందేహం లేదు. అయితే చేయి చాచిన ప్రతి పేదనూ ముందుగా మత్తు పరీక్షకు నిలబెట్టడం న్యాయమా? అమెరికాలో సాగుతున్న చర్చ ఇదే. ప్రజాధనం వ్యసనాలపాలు కారాదన్నది సమర్థకుల వాదం. 2011లో ఫ్లోరిడా రాష్ట్రం నగదు సహాయం కోరేవారందరికీ ఈ పరీక్ష విధించింది. దోషులుగా తేలినవారు నూటికి ముగ్గురైనా లేరు. కారణం లేని సోదా రాజ్యాంగవిరుద్ధమని న్యాయస్థానాలు దానిని నిలిపివేశాయి. 2014లో జార్జియా ఆహార సహాయానికే ఇటువంటి షరతు పెట్టగా, కేంద్ర చట్టం అందుకు అనుమతించలేదు.

అన్నం పెట్టవలసినవారిలో దహ్ర్ సూరా ఖైదీని కూడా చేర్చింది, నిర్దోషివని నిరూపించుకొమ్మనలేదు. హుజురాత్ సూరా దురనుమానాన్ని, రంధ్రాన్వేషణను వారించింది. వ్యసనపరునికి చికిత్స, హితబోధ అవసరమే. కాని అతని పిల్లల ఆకలి ఏ నేరానికి శిక్ష? జకాత్, ఫిత్రా పంచే వేళ మనమూ ఈ ప్రశ్న వేసుకుందాం. పేదల పరువు కాపాడే మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.