పిల్లి ఉన్న ఇంట్లో లిల్లీలు వద్దు

శుభాకాంక్షలతో ఇచ్చే పూలగుత్తుల్లో పెద్ద రేకుల లిల్లీలు తరచుగా కనిపిస్తాయి. మనుషులకు అవి అందమే కానీ, పిల్లులకు ప్రాణాంతకం. లిలియం ప్రజాతి లిల్లీలు, డే లిల్లీల ఆకులు, పూలు, పుప్పొడే కాదు, అవి ఉంచిన నీరు కూడా పిల్లులకు విషమే. బొచ్చుకు అంటిన పుప్పొడిని నాకినా మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇందుకు కారణమైన రసాయనాన్ని శాస్త్రవేత్తలు ఇంకా కచ్చితంగా గుర్తించలేదు. కుక్కల్లో మాత్రం ఈ మొక్కలు మూత్రపిండాలకు హాని చేసినట్లు కనిపించలేదు.

పేరులో లిల్లీ ఉన్నవన్నీ ఒకటి కావు. మన పూలమార్కెట్లలో దండల కోసం లిల్లీ పేరుతో అమ్మే నేలసంపెంగ వేరే కుటుంబానికి చెందినది. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్‌లలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. వీటిని నమిలితే నోరు మండి చొంగ కారుతుంది, వాంతులు కావచ్చు. కానీ ప్రాణాపాయం అరుదు.

అసలు లిల్లీ తిన్న పిల్లికి కొన్ని గంటల్లో వాంతులు, నీరసం మొదలవుతాయి. తరువాత వాంతులు తగ్గి, కోలుకున్నట్లు కనిపించవచ్చు. మోసపోయేది ఇక్కడే. లోపల మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. 1 నుంచి 3 రోజుల్లో అవి పూర్తిగా విఫలం కావచ్చు. దీనికి నిర్దిష్టమైన విరుగుడు మందు లేదు. అయితే 18 గంటలలోపు సెలైన్ చికిత్స మొదలుపెడితే బతికే అవకాశాలు బాగా పెరుగుతాయి.

అందుకే లక్షణాలు కనిపించే దాకా ఆగకూడదు. పిల్లి లిల్లీని కొరికినట్లు అనుమానం వచ్చినా, పుప్పొడి అంటినా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. తిన్న మొక్క భాగాన్ని లేదా దాని ఫొటోను వెంట తీసుకెళితే అది ఏ లిల్లీయో తేల్చడం సులభమవుతుంది.