క్లాన్ నవలాకారుడి కొండపై తోరా పాఠాలు

అమెరికా ఆగ్నేయ భాగంలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, బ్లూ రిడ్జ్ పర్వతశ్రేణి మీద, లిటిల్ స్విట్జర్లాండ్ అనే చిన్న ఊరికి దగ్గరగా, సముద్రమట్టానికి సుమారు 3,300 అడుగుల ఎత్తున వైల్డేకర్స్ అనే విడిది ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుండి అది వేసవిలో యూదు మతగ్రంథాల అధ్యయనానికీ, భిన్నమతాలవారు కొన్నాళ్లు ఒకే కప్పు కింద బసచేసి ఒకరినొకరు తెలుసుకోవడానికీ వేదికగా పేరు తెచ్చుకుంది. మతసామరస్యం కోసం వెలసిన సంస్థలు లోకంలో చాలానే ఉన్నా, ఆ భవనాలకు పునాది వేసిన మనిషి ఎవరో తెలిస్తే మాత్రం ఈ విడిది కథ మిగిలినవాటి సరసన ఒదగదు.

1920లలో ఈ కొండను కొని, రచయితలకూ కళాకారులకూ వేసవి నివాసంగా తీర్చిదిద్దాలని ఇక్కడ భవనాలు లేపినవాడు థామస్ డిక్సన్. కొంతకాలం బాప్టిస్టు బోధకుడిగా పనిచేసి తరువాత నవలలకు మళ్లిన డిక్సన్, 1905లో వెలువరించిన ‘ది క్లాన్స్‌మన్’లో, నల్లజాతివారిని హింసతో అణచివేసిన కు క్లక్స్ క్లాన్ అనే రహస్య దళాన్ని వీరుల సమూహంగా చిత్రించాడు. ఆ నవల ఆధారంగా డి.డబ్ల్యు. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ 1915లో విడుదలై, అప్పటికి ఎన్నడో చల్లారిపోయిన క్లాన్‌ను జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద అదే ఏడాది తిరిగి రాజేయడానికి తోడ్పడింది. ఈ రెండో క్లాన్ నల్లజాతివారితో పాటు యూదులనూ కాథలిక్కులనూ శత్రువుల జాబితాలో చేర్చుకుంది. దాన్ని డిక్సన్ బహిరంగంగానే నిరసించాడన్నది నిజమే కానీ, తాను వెలిగించిన అగ్గిని తానే తిట్టుకున్న మనిషికి దక్కవలసిన దానికన్నా ఎక్కువ మన్నన ఇవ్వనక్కరలేదు.

మహామాంద్యం దెబ్బకు డిక్సన్ ఆస్తి హరించుకుపోయి, కొండ టెక్సస్‌లోని ఒక బ్యాంకు చేతిలో పడింది. 1936లో దాన్ని కొన్నవాడు ఐ.డి. బ్లూమెంథాల్ అనే యూదు వ్యాపారి. కార్ల రేడియేటర్లు కారకుండా చిల్లులు పూడ్చే మందును అమ్ముతూ షార్లెట్ నగరంలో రేడియేటర్ స్పెషాల్టీ కంపెనీని నిలబెట్టినవాడు. వెయ్యికి పైగా ఎకరాలకూ దాని మీది కట్టడాలకూ ఆయన చెల్లించినది 6,500 డాలర్లు మాత్రమే. ఇంత చవకగా చేతికందిన కొండను తనకంటూ ఉంచుకోకుండా, మనుషుల మధ్య సత్సంబంధాలను పెంపొందించే పనికే వినియోగించాలని ఆయన నిశ్చయించుకోగా, 1946 నుండి అది లాభాపేక్ష లేని సమావేశాలకు విడిదిగా నడుస్తోంది.

కొండనే ఎంచుకోవడంలో కొత్తేమీ లేదు. ఎయిర్ కండిషనర్లు రాని కాలంలో దక్షిణాది మైదానాల ఉక్కపోతను తప్పించుకోవడానికి సంపన్నులు కొండలకు ఎక్కేవారు. ప్రొటెస్టంటు సంఘాలు ఆ అలవాటును మతవిద్యకు మలచుకుని, ఇదే రాష్ట్రపు కొండల్లో ప్రెస్బిటేరియన్లు మాంట్రీట్‌ను, బాప్టిస్టులు రిడ్జ్‌క్రెస్ట్‌ను, మెథడిస్టులు లేక్ జునలుస్కాను వేసవి కేంద్రాలుగా తీర్చిదిద్దుకున్నారు. యూదులకు మాత్రం వేసవి విడుదుల చరిత్రలో మరో చేదు ఉంది. 1877లో న్యూయార్క్ రాష్ట్రంలోని సారటోగాలో గ్రాండ్ యూనియన్ హోటల్ జోసెఫ్ సెలిగ్మన్ అనే ప్రముఖ బ్యాంకరుకు యూదుడన్న కారణంతో గది నిరాకరించింది. ఆ తరువాత దశాబ్దాల పాటు అనేక విశ్రాంతి స్థలాలు యూదులకు తలుపులు మూసే ఉంచాయి. కాబట్టి యూదుడి సొంతమైన కొండ మీద క్రైస్తవుడు అతిథిగా బసచేయడమంటే, ఆనాటి మర్యాదల లెక్కలో అదేమంత చిన్న సంగతి కాదు.

ఈ విడిదిలో 1940ల చివరి నుండి జరిగిన వేసవి పాఠాల్లో ముఖ్యమైనవి బ్నై బ్రిత్ యూదు మత అధ్యయన శిబిరాలు. బ్నై బ్రిత్ అనేది 1843లో జర్మనీ నుండి వచ్చిన యూదు వలసదారులు న్యూయార్క్‌లో పరస్పర సహాయం కోసం స్థాపించుకున్న సంఘం. దక్షిణాదిలో యూదులు పెద్ద నగరాల్లో గుంపుగా కాక, చిన్న పట్టణాల్లో పది ఇళ్లు, ఇరవై ఇళ్లుగా, ఎక్కువగా బట్టల దుకాణాలు నడుపుకుంటూ చెదిరి ఉండేవారు. రబ్బీని, అంటే ధర్మశాస్త్రంలో పండితుడైన మతగురువును, పోషించే స్తోమత వారికి ఉండేది కాదు. ఈ లోటు తీర్చడానికే 1950లలో బ్లూమెంథాల్ చొరవతో ఒక బస్సును లోపల ప్రార్థనామందిరంగా అమర్చి, తోరా చుట్టను ఉంచే పెట్టెతో సహా ఊరూరా తిప్పారు. రబ్బీ అందులో వచ్చి పిల్లలకు పాఠం చెప్పి, ప్రార్థన జరిపించి తరువాతి ఊరికి సాగిపోయేవాడు. బస్సు ఏడాది పొడవునా చేసే పనిని, కొండ మీది శిబిరం ఒకేచోట, ఒక పేరున్న పండితుడి ఎదుట, తీరికగా చేసేది.

యూదు సంప్రదాయంలో చదువంటే ఏమిటో తెలియకపోతే ఈ శిబిరాల తీరు అర్థం కాదు. తెలుగు బైబిలులో ధర్మశాస్త్రమని పిలిచే ఐదు కాండాలే తోరా. దాని విధులపై శతాబ్దాల పాటు సాగిన చర్చల మహాసంపుటి తాల్మూద్. తాల్మూద్ పుట అచ్చులో చూడదగినది: నడుమ పెద్ద అక్షరాల్లో మూలం, దానికి ఒక పక్కన పదకొండో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్య, రెండో పక్కన ఆయన మనుమలూ వారి శిష్యులూ ఆయనతో విభేదిస్తూ రాసిన తోసాఫోత్ వివరణలు, అంచుల్లో ఇంకా తరువాతివారి మాటలు. మన సంస్కృత సూత్రగ్రంథాల చుట్టూ భాష్యం, భాష్యంపై టీక పేరుకున్నట్టే ఇక్కడా పేరుకుంది కానీ, అవన్నీ ఒకే పుటలో ఎదురెదురుగా నిలబడి వాదించుకుంటాయి. ఓడిపోయిన పక్షం అభిప్రాయాన్ని కొట్టివేయకుండా చెప్పినవాడి పేరుతో భద్రపరచడం దీని పద్ధతి. దీన్ని ఒంటరిగా చదవరు. ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరు చదివితే మరొకరు ఆక్షేపిస్తూ సాగే ఈ పద్ధతిని హవ్రూతా అంటారు. ఈ పుట రూపాన్ని స్థిరపరచి తాల్మూద్‌ను మొత్తంగా మొదటిసారి అచ్చువేసినది, 1520ల తొలినాళ్లలో వెనిస్‌లో పనిచేసిన డేనియల్ బాంబర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు కావడం విశేషం.

ఈ విధమైన చదువులో తర్ఫీదు పొందినవారే మతాంతర సంభాషణకు పనికివచ్చారన్నది గమనించదగిన విషయం. మతసామరస్య సభలు చాలావరకు చప్పబడిపోయేది పాల్గొన్నవారికి ద్వేషం ఉండబట్టి కాదు, తమ గ్రంథమే తమకు తెలియకపోబట్టి. అందరూ మంచివారేనన్న మాట దగ్గరే చర్చ ఆగిపోతుంది. విడిదిలో అలా ఆగడానికి వీలుండదు, ఎందుకంటే ఉదయం వాదించినవాడే మధ్యాహ్నం భోజనాల బల్ల వద్ద పక్కన కూర్చుంటాడు, సాయంత్రం వరండాలో కొండల వైపు చూస్తూ మళ్లీ ఎదురవుతాడు. శుక్రవారం సూర్యాస్తమయానికి ముందు దీపాలు వెలిగించి ప్రారంభించే సబ్బాతును, అంటే విశ్రాంతిదినాన్ని, పాత నిబంధనలో వందసార్లు చదివిన క్రైస్తవ బోధకుడికైనా ద్రాక్షారసం మీద ఆశీర్వచనమూ, బట్ట కప్పిన రెండు జడరొట్టెలూ, మర్నాటి రాత్రి నక్షత్రాలు పొడిచాక సుగంధద్రవ్యాలు వాసన చూసి దాన్ని సాగనంపడమూ ఏ ఉపన్యాసమూ నేర్పజాలదు.

ఇదే కాలంలో అసలు స్విట్జర్లాండ్‌లోనూ ఇటువంటి సమావేశమే ఒకటి, మరింత తీవ్రమైన కారణంతో జరిగింది. 1947 వేసవిలో సీలిస్‌బెర్గ్ అనే కొండ ఊళ్లో యూదులు, ప్రొటెస్టంట్లు, కాథలిక్కులు చేరి, యూదుల గురించి చర్చిలు ఏమి బోధించాలో, ఏమి బోధించకూడదో పది అంశాలుగా రూపొందించారు. దానికి ముఖ్యమైన ముడిసరుకు సమకూర్చినవాడు, భార్యనూ కూతురినీ నాజీల చేతుల్లో పోగొట్టుకున్న ఫ్రెంచి చరిత్రకారుడు జూల్ ఇసాక్. ఆయన 1960లో పోప్ ఇరవైమూడవ జాన్‌ను కలుసుకున్నాడు. ఆ భేటీతో మొదలైన కృషి ఫలితంగా, యేసు మరణానికి యూదులందరినీ దోషులుగా చూడరాదని 1965లో కాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ ప్రకటించింది.

అమెరికా విడుదుల సంభాషణకు అటువంటి చారిత్రక ఫలితం లేదు, దానికి ఒక పరిమితి కూడా ఉంది. ఒక కాథలిక్ గురువు, ఒక ప్రొటెస్టంటు బోధకుడు, ఒక రబ్బీ కలిసి ఊళ్లు తిరుగుతూ ఒకే వేదికపై మాట్లాడే పద్ధతిని క్రైస్తవుల, యూదుల జాతీయ సభ 1933లోనే ప్రారంభించింది. 1955 నాటికి విల్ హెర్బర్గ్ రాసిన ‘ప్రొటెస్టంట్, కాథలిక్, జ్యూ’ పుస్తకం ఈ ముగ్గురినీ అమెరికా మతజీవితానికి మూడు స్తంభాలుగా స్థిరపరచింది. ఈ లెక్కలో మతం పేరిట ఉన్న గీతలకే చోటు దక్కింది. దక్షిణాదిలో అంతకన్నా లోతైన రంగుగీత చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

ఆసియావారికీ అమెరికా తలుపులు తెరిచిన 1965 నాటి వలస చట్టం తరువాత ఆ మూడు స్తంభాల లెక్కా సరిపోకుండా పోయింది. బ్లూమెంథాల్ వ్యాపారం చేసిన షార్లెట్‌లో నేడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. శరదృతువులో ఆకుల రంగులు చూడడానికి వారు వెళ్లే బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఈ విడిదిని ఆనుకునే సాగుతుంది. అయితే యూదులకూ క్రైస్తవులకూ ఉమ్మడిగా ఒక గ్రంథం ఉంది కాబట్టి, ఒకే వచనాన్ని తెరిచి విభేదించడం వారికి సాధ్యమైంది. అబ్రాహామూ మోషే ఖురాన్‌లోనూ కనిపిస్తారు కనుక ముస్లింలతో ఆ దారి కొంతవరకు తెరిచే ఉంది. హిందువులూ బౌద్ధులూ వచ్చి కూర్చున్నప్పుడు మాత్రం ఎవరి గ్రంథాన్ని వారు మొదటి అక్షరం నుండి ఎదుటివారికి వివరించవలసి వస్తుంది, అందుకు ఒక వారాంతం చాలదు.