ఎవరిని తరమాలో చేపకెలా తెలుసు?

పగడపు దిబ్బల మీద కనిపించే డ్యామ్‌సెల్ చేపల్లో చాలావరకు జానెడు కూడా ఉండవు. పొగరు మాత్రం ఇంతా అంతా కాదు. నీళ్లలోకి దిగిన మనిషి తమ జాగా దగ్గరికొస్తే అతని కళ్లద్దాల మీదికే దూకుతాయి. ఆ జాగాలో నాచు పెంచుతాయి మరి! పనికిరాని రకాలను నోటితో పీకి అవతల పారేసే జాతులూ వీటిలో ఉన్నాయి.

అయితే ఆ కోపం అందరి మీదా ఒకేలా ఉండదు. ఆస్ట్రేలియాలోని హెరాన్ దీవి దగ్గర ఒక డ్యామ్‌సెల్ జాతిని గమనించి 1971లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అది నాచు మేసే పరాయి జాతులను తరుముతుంది, నాచు ముట్టని వాటి జోలికి పెద్దగా పోదు. చేలో పడ్డ గేదెను అదిలించే రైతు పక్కనే పురుగులేరుకునే కొంగను పట్టించుకోడు, అలాగన్నమాట. మరి ఆ తేడా చేప ఎలా పసిగడుతుంది?

ఒక్కోసారి ఆనవాలు మన కంటికి ఆనదు. అంబాన్ డ్యామ్‌సెల్, లెమన్ డ్యామ్‌సెల్ రెండూ మనకు ఒకే పసుపు ముద్దలు. అంబాన్ మగచేప మాత్రం పరాయివాడికన్నా సొంత జాతివాడి మీదే ఎక్కువగా విరుచుకుపడుతుంది. అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనబడే చుక్కలూ గీతలూ వీటి ముఖాల మీద ఉన్నాయనీ, రెండు జాతులకూ అవి వేరువేరనీ క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్‌రికే సీబెక్ బృందం 2010లో చూపింది. ఆ కాంతిని ఫిల్టరుతో అడ్డుకోగానే మగచేపకు తేడా తెలియలేదు. మేత ఆశ చూపి శిక్షణనిస్తే, కాగితం మీద అచ్చువేసిన ముఖచిత్రాలనూ ఈ చేపలు వేరుచేయడం నేర్చుకున్నాయి.

క్లౌన్ చేపల కథ ఇంకా తమాషా. నారింజ ఒంటిమీద మూడు తెల్లపట్టీలుండే జాతిని జపాన్‌లోని ఒకినావా పరిశోధన సంస్థలో కినా హయాషి బృందం గుడ్డు నుంచి పెంచింది. ఇతర క్లౌన్ జాతులను అవి ఎన్నడూ చూడలేదు. దాదాపు ఆరు నెలల వయసులో వాటి ముందు ప్లాస్టిక్ బొమ్మలు పెట్టారు: పట్టీ లేనిది, ఒకటి, రెండు, మూడు పట్టీలున్నవి. ఎక్కువ దాడులు మూడు పట్టీల బొమ్మ మీదే. రెండు పట్టీలదానికి కాస్త తక్కువ, మిగతావాటికి బాగా తక్కువ. 2024లో ఈ ఫలితం వెలువడగానే ‘చేపలు లెక్కపెడుతున్నాయి’ అని పత్రికలు రాశాయి. అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఒంటిమీద తెలుపు ఎంత ఉందో చూసుకున్నా ఇలాగే జరగవచ్చు. పైగా అవి తోడబుట్టినవాటి మధ్యే పెరిగాయి, చిన్నప్పట్నుంచి కళ్లముందున్నవన్నీ పట్టీల ఒళ్లే. కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిందా, తోటివారిని చూసి నేర్చిందా అన్నది ఈ ప్రయోగంతో తేలదు.

అనుభవం పాత్ర ఎంతో సీతాకోకచిలుక చేపల దగ్గర ఇంకొంచెం తెలుస్తుంది. ఇష్టమైన పగడాల కోసం పోటీపడే ఈ చేపలు ఎదురైన ప్రతిసారీ కలబడవు. వెన్నుమీది ముళ్లు లేపి సైగ చేస్తే అవతలిది తప్పుకోవచ్చు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన శాలీ కీత్ బృందం జపాన్, ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, క్రిస్మస్ దీవి దిబ్బల మీద 38 జాతుల మధ్య 3,700కు పైగా ఎదురుపాట్లను నమోదు చేసింది. మధ్యలో 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చాయి. అంతకుముందు 28 శాతం తగువులు సైగలతోనే తేలిపోయేవి, తర్వాత ఆ వాటా 10 శాతానికి పడిపోయింది.

కోరుకున్న పగడం పోయి దొరికినదాన్ని తినాల్సి రావడంతో పోటీదారులు మారిపోయారు, పాత గుర్తింపు కొత్త పరిస్థితికి సరిపోలేదు అని 2023లో ఆ బృందం వివరించింది. సైగకు పెద్దగా ఖర్చుండదు. వెంటబడి తరమడానికి ఒంట్లో శక్తి కావాలి, దాన్నిచ్చే మేత అప్పటికే తరిగిపోయింది.