పరుగు ఆగిన తరువాత రక్తము

మారథాన్ పరుగు దూరము 42.195 కిలోమీటర్లు. హుస్నాబాదు నుండి కరీంనగరమునకు గల దారి అంతకు కొంచెమే తక్కువ. ఒక క్రీడాకారుడు ఈ దారి పొడుగునా పరుగెత్తి, వెంటనే బస్సెక్కి, హైదరాబాదు వరకు కదలక కూర్చున్నాడనుకొందము. అతని రక్తములో ఏమి జరుగును?

పరుగెత్తునపుడు రక్తస్కందనమునకు తోడ్పడు పదార్థములు, ముఖ్యముగా ఎనిమిదవ ఫాక్టరు, హెచ్చును. అయినను భయము లేదు. గడ్డలోని ఫైబ్రిన్ దారములను కరగించు శక్తియు అప్పుడే హెచ్చి తక్కెడను సరిగా నిలుపును. చిక్కంతయు పరుగు ఆగిన పిమ్మటనే! కరగించు శక్తి త్వరగా తగ్గిపోవును; గడ్డకట్టు గుణము మాత్రము చాల గంటలు నిలుచును. చెమట వలన రక్తము చిక్కబడి యుండును. సిరలలోని రక్తమును పైకి నెట్టు పంపు పిక్క కండరమే. కూర్చున్నవానికి అదియు పనిచేయదు.

2010 బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన వారిలో, విమానములో దూరప్రయాణము చేసిన వారి రక్తములో, సమీపమున నివసించు వారికంటె స్కందన చర్య అధికముగా కనబడినది.

ఆరోగ్యవంతులలో నిజముగా గడ్డ ఏర్పడుట అరుదే. కాని ఒక్క పిక్కయే వాచి నొప్పి పుట్టినపుడు కండరము పట్టినదని తైలముతో మర్దించుట మన మైదానములలో పరిపాటి. అది గడ్డయే అయినచో, ఊడి ఊపిరితిత్తులకు చేరవచ్చును. అట్టి కాలిని మర్దింపక వైద్యునకు చూపవలెను. ఆయాసము, రొమ్ము నొప్పి తోచినచో క్షణము ఆలస్యము కూడదు.