కుటుంబసభ్యులు నడిపే కారు: ఇన్సూరెన్సు, షరీఅత్ దృష్టి

మోటారుకారు రిజిస్ట్రేషను పత్రంలో ఒకరి పేరే ఉంటుంది. దానిని నడిపేవారు మాత్రం ఇంటిల్లిపాదీ. నిజామాబాదు, కరీంనగర్, కడప జిల్లాలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి ఇళ్ళలో ఇది తరచుగా కనిపించే సంగతే. కొడుకు పంపిన డబ్బుతో తండ్రి పేర కారు కొంటారు. తండ్రికి నడపటం రాదు. తమ్ముడో, అల్లుడో, కోడలో అవసరాన్నిబట్టి నడుపుతారు. ప్రీమియం కడుతున్నాము గనుక అందరికీ రక్షణ ఉన్నట్లేనని ఇంటివారి నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంతో, ధర్మశాస్త్రరీత్యా ఈ పాలసీ స్థానమేమిటో పరిశీలించవలసి ఉంది.

మొదట ధర్మశాస్త్ర విషయం. నిర్ణీత ప్రీమియంతో నడిచే వ్యాపార ఇన్సూరెన్సులో గరర్ అంటే అనిశ్చితి, జూదపు పోలిక, వడ్డీ ఉన్నాయని అత్యధిక ఉలమా అభిప్రాయం. 1978లో మక్కాలోని ఫిఖ్ మండలి, 1985లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ ఇదే నిర్ణయించాయి. పరస్పర సహకార పద్ధతిని, అనగా తకాఫుల్‌ను, జిద్దా అకాడమీ ధర్మసమ్మతమైన మార్గంగా పేర్కొన్నది. సిరియా పండితుడు ముస్తఫా అహ్మద్ జర్ఖా మాత్రం వ్యాపార ఇన్సూరెన్సును కూడా ధర్మసమ్మతమన్నారు. అయన చూపిన ఆధారాలలో ‘ఆఖిలా’ ఒకటి. పొరపాటున ఒకరి చేతిలో మరొకరు మరణిస్తే, మృతుని వారసులకు చెల్లించవలసిన దియత్ భారాన్ని హంతకుని తెగవారంతా పంచుకునే పద్ధతి అది. హజ్రత్ ఉమర్ (ర) కాలంలో ఆ భారం ఒకే దీవాన్‌లో నమోదైన సైనికుల మీదికి మారిందని హనఫీలు చెబుతారు. అయితే ఈ పోలిక కొంతవరకే నిలుస్తుంది. ఆఖిలా వారు భారం మోసేది బంధుత్వంవల్ల, లాభంకోసం కాదు.

మన దేశంలో మూడవపక్షం ఇన్సూరెన్సు లేకుండా కారును రోడ్డుమీదికి తేరాదు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం విధించిన ఈ నియమాన్ని 1988 చట్టం కొనసాగించింది. మూడవపక్షమంటే మన కారువల్ల దెబ్బతిన్న పరాయివారు. చట్టం బలవంతంగా కట్టించేదానికి పౌరుడు బాధ్యుడు కాడని, తప్పించుకునే దారి లేనంతవరకు దానికి అనుమతి ఉన్నదని చాలామంది ముఫ్తీలు చెబుతారు. సొంత కారు నష్టానికి తీసుకునే పాలసీ ఐచ్ఛికం గనుక దానికి ఈ వెసులుబాటు వర్తించదు. ఈ రెండింటినీ ఒకే రసీదులో చూచి ఒకటేనని భావించటం సరికాదు.

ఇక కుటుంబసభ్యుల సంగతి. మన పాలసీలలో నడిపేవారి పేర్లు వ్రాయనక్కరలేదు. యజమాని అనుమతితో, చెల్లుబాటయ్యే లైసెన్సు గలవారెవరు నడిపినా పరాయివారికి కలిగిన నష్టం పాలసీ పరిధిలోనికి వస్తుంది. అసలు చిక్కు నడిపినవారే మరణించినప్పుడు వస్తుంది. యజమాని నుండి వాహనం అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలో నిలుస్తాడనీ, అతడు మూడవపక్షం కాడనీ సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో తేల్చింది. కర్ణాటకలో 2014లో ఒక వ్యక్తి తండ్రిని, సోదరిని, ఆమె పిల్లలను ఎక్కించుకొని కారు నడుపుతుండగా అది బోల్తాపడి అతడు మరణించాడు. కుటుంబం 80 లక్షల రూపాయల పరిహారం కోరింది. ప్రమాదానికి అతని నిర్లక్ష్యమే కారణమని హైకోర్టు ఆ కోరికను త్రోసివేయగా, 2025 జూలైలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవటానికి నిరాకరించింది.

పాలసీతోపాటు యజమానికి తప్పనిసరిగా తీసుకునే వ్యక్తిగత ప్రమాద బీమా ఉన్నది కదా అనవచ్చు. 2018లో దానిని 15 లక్షల రూపాయలకు పెంచారు. అది రిజిస్టరైన యజమానికి మాత్రమే, అదీ అతనికి లైసెన్సు ఉంటేనే. కనుక పైన చెప్పిన ఇంటిలో లైసెన్సు లేని తండ్రికి అది వర్తించదు, నడిపే అల్లుడికీ వర్తించదు. పేర్లు చెప్పి అదనపు ప్రీమియంతో ఇతరులకు రక్షణ తీసుకునే వీలున్నా, అడిగేవారు అరుదు. కారులో కూర్చున్న బంధువుల విషయంలోనూ తేడా ఉన్నది. చట్టం కోరినంతవరకే ఉన్న పాలసీ సొంత కారులోని ప్రయాణికులకు వర్తించదనీ, ప్యాకేజీ పాలసీ వర్తిస్తుందనీ 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం నిర్బంధించిన మేరకే సరిపెట్టుకున్న కుటుంబం తన వారి విషయంలో వేరే ఏర్పాటు చేసుకోవలసినదే. పొదుపు, బంధువుల సహాయనిధి వంటివి ఇక్కడ ఆలోచించదగినవి.

లైసెన్సు లేని కుర్రవాడు నడిపిన ప్రమాదంలో తండ్రో, లైసెన్సున్న బాబాయో “నేనే నడిపాను” అని ముందుకు రావటం మన ఊళ్ళలో వినని మాట కాదు. ఇది బిడ్డమీది ప్రేమగా చెలామణి అవుతుంది. షరీఅత్ దృష్టిలో ఇది అబద్ధపు సాక్ష్యం, మహాపాపాలలో ఒకటి. ఇన్సూరెన్సు కంపెనీ వ్యాపారం ధర్మసమ్మతం కాదు గనుక దానిని మోసగించవచ్చుననే వాదం బొత్తిగా నిరాధారం. కుదుర్చుకున్న ఒప్పందంలో అవతలివాడు ఎవరైనా మోసం మోసమే. చట్టరీత్యా కూడా, మైనరు నడిపితే 2019 సవరణ ప్రకారం సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాదిపాటు రిజిస్ట్రేషను రద్దు ఉన్నాయి. లైసెన్సు లేనివానికి తెలిసి కారిచ్చిన యజమాని నుండి, బాధితులకు చెల్లించిన సొమ్మును కంపెనీ తిరిగి రాబట్టుకోవచ్చునని 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పారు.

బ్రిటన్‌లో స్థిరపడిన మనవారి చిక్కు మరొక రకం. అక్కడ ఎవరెవరు నడుపుతారో, ముఖ్యంగా ఎవరు నడుపుతారో ప్రకటించాలి. చిన్నవయస్సు వానికి ప్రీమియం ఎక్కువ గనుక కొడుకు నడిపే కారుకు తండ్రిని ముఖ్య చోదకునిగా వ్రాయిస్తారు. కొద్ది పౌన్ల కోసం చేసే ఈ పనిని అక్కడి చట్టం మోసంగా పరిగణిస్తుంది. ఉన్న సంగతిని దాచి ఒప్పందం చేయటం ఫిఖ్‌లో తద్‌లీస్.

బంధువు కారు అడిగి తీసుకున్నవాని బాధ్యత ‘ఆరియత్’ అధ్యాయం క్రిందికి వస్తుంది. ఎరువు తెచ్చుకున్న వస్తువు అమానత్ అనీ, నిర్లక్ష్యం లేకుండా చెడిపోతే పూచీ లేదనీ హనఫీల మాట. షాఫయీ, హంబలీలు సాధారణంగా పూచీ పెడతారు. వేగంగా నడిపి గుద్దినవాడు ఏ మజ్‌హబ్ ప్రకారమూ తప్పించుకోలేడు. ‘ఇంటివాళ్ళమే కదా’ అన్న మాట ఆ బాకీని మాఫీ చేయదు, యజమాని స్వయంగా మాఫీ చేస్తే తప్ప.

కంపెనీ పరిహారం ఇచ్చినా తీరని బాధ్యత ఒకటున్నది. నడిపినవాని తప్పువల్ల మనిషి మరణిస్తే, నిసా సూరా 92వ ఆయతు ప్రకారం దియత్‌తోపాటు కఫ్ఫారా ఉంది. బానిస విముక్తికి వీలు లేనప్పుడు అది వరుసగా రెండు నెలల ఉపవాసాలు. నడిపిన మనిషే ఆ ఉపవాసాలు ఉండాలి. వాహన ప్రమాదాలలో చోదకుడు బాధ్యుడేనని ఫిఖ్ అకాడమీ 1993లో బ్రూనై సమావేశంలో నిర్ణయించింది.

యజమాని చనిపోయిన తరువాత కూడా కారు అతని పేరనే తిరుగుతూ ఉండటం మరొక అలవాటు. మన ప్రామాణిక పాలసీ యజమాని మరణించిన తేదీ నుండి మూడు నెలలు, లేక గడువు ముగిసేవరకు, ఏది ముందైతే అంతవరకే నిలుస్తుంది. ఆలోగా వారసులు పేరు మార్పించుకోవాలి. ఆ కారు అప్పటికే వారసత్వపు ఆస్తి. అందులో తల్లికి, కుమార్తెలకు కూడా వాటా ఉంటుంది. నడిపే కొడుకు పేరనే మార్చే ముందు వారి సమ్మతి తీసుకోవాలి, లేదా వారి వాటా విలువ చెల్లించాలి.