కొట్టిన చెయ్యి... వెనక్కి రావాలి!

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022, 2023ల్లో వరుసగా ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెను చూసి మీ ఇంట్లోనూ ఎవరైనా గ్లోవ్స్ కావాలంటున్నారా? అయితే ముందు ఈ పాఠం చెప్పండి.

కొత్తవాళ్లకు మొదట నేర్పే జంట దెబ్బ 'జాబ్-క్రాస్'. కుడిచేతివాటమైతే ఎడమ కాలు ముందుంచి, ఎడమ చేత్తో చురుగ్గా విసిరేది జాబ్. దూరం అంచనా దొరికేది దాంతోనే. వెంటనే వెనక మడమనీ నడుమునీ తిప్పుతూ కుడి చేత్తో ఇచ్చేది క్రాస్. దాని బలమంతా కాళ్లదే!

చాలామంది పొరపాటు చేసేది ఆ తర్వాతే. గుద్దిన చెయ్యి కిందికి జారిపోతుంది... ఎదుటివాళ్ల హుక్ సరాసరి దవడకు తగులుతుంది. అందుకే ఒక చెయ్యి వెళ్తుంటే రెండోది గడ్డం దగ్గర కాపలా ఉండాలి. వెళ్లింది అంతే వేగంగా, అదే దారిలో వెనక్కి రావాలి. అద్దం ముందు నెమ్మదిగా సాధన చేస్తే లోపం మనకే కనిపిస్తుంది. వేగం తర్వాత దానంతటదే వస్తుంది!