మైదా ఎరగని పొయ్యి

కదిరి నుంచి వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి అంగళ్లు అనే ఊరు దాటి మదనపల్లెలో అడుగుపెడుతుంది. అక్కణ్నించి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరి తమిళనాడులోకి జారుకుంటుంది. ఈ దారి పొడవునా ఊరు వచ్చిందంటే బేకరీ ఉన్నట్టే. ఇంజినీరింగ్ కాలేజీ ఉన్న అంగళ్లలోనైతే సాయంత్రం ఎగ్ పఫ్‌ల కోసం పిల్లలు మూగుతారు. ఈమధ్య ఆ గాజు బీరువాల్లోకి కొత్త సరుకు చేరింది. రాగి బిస్కెట్లు, రాగి కేకు, మిల్లెట్ కుకీలు. ముదురు రంగు చూసి ఆరోగ్యమనుకుని కొనేవాళ్లే ఎక్కువ. ప్యాకెట్టు వెనక్కి తిప్పి చదివితే చాలావాటిలో రాగి కంటే ముందు మైదా పేరుంటుంది.

మామూలు మనుషులకు ఇదేమంత మోసం కాదు. గోధుమ పడనివాళ్లకు మాత్రం ప్రాణసంకటం. ఒంటికి పడక గోధుమ మానేసిన పిల్లాడి తల్లి, ‘రాగి’ అన్న అక్షరాలు చూసి కొనుక్కెళ్తే అందులో ఉన్నది సగానికి సగం అదే గోధుమ. నగరంలో అయితే ఆమె గ్లూటెన్ లేని దిగుమతి పిండి ప్యాకెట్టు వెతుక్కుంటుంది. అంగళ్లలో ఆ అవసరమే లేదంటాను. గ్లూటెన్ లేకుండా పిండిని ఎలా నిలబెట్టాలో ఈ ప్రాంతపు వంటింటికి ఎప్పట్నుంచో తెలుసు. తెలిసిన సంగతి ఎవరూ చెప్పలేదంతే.

గోధుమ పిండిలో నీళ్లు పోసి పిసికితే అందులోని రెండు రకాల మాంసకృత్తులు కలిసి జిగురు వల అల్లుకుంటాయి. అదే గ్లూటెన్. చపాతీ సాగడానికి, బ్రెడ్డు పొంగడానికి, పొంగిన బ్రెడ్డు కుంగకుండా ఉండటానికి ఆ వలే ఆధారం. రాగికి, జొన్నకు, కొర్రకు, బియ్యానికి అది లేదు. చన్నీళ్లతో రాగిపిండి కలిపి చూడండి, తడి ఇసుకలా విడిపోతుంది. ప్రపంచమంతటా గ్లూటెన్ లేని బేకింగ్ చేసేవాళ్ల తలనొప్పి ఇదొక్కటే, వల లేనిచోట పిండిని దేనితో పట్టి ఉంచాలి?

ఇప్పుడు సంగటి కుండ దగ్గరికి రండి.

నూకలు కడిగి, నీళ్లు ధారాళంగా పోసి, మెతుకు మెత్తబడి గంజి చిక్కబడేదాకా ఉడికిస్తారు. అప్పుడు రాగిపిండిని నడిమధ్య కుప్పగా పోస్తారు. కలపరు. తెడ్డు కొనతో పిండి కుప్పలో ఒకటి రెండు బొక్కలు పెట్టి, మూత వేసి, సెగ తగ్గిస్తారు. కింది గంజి ఆ బొక్కల్లోంచి తుకతుకా పైకొచ్చి పిండిని ఉడికిస్తుంది. కొత్త కోడలు తొందరపడి ముందే తెడ్డు పెడితే అత్త ఊరుకోదు: “ఇప్పుడే కెలకొద్దమ్మా, ఉండలు కడతాది!” పిండి వాసన పోయి ఉడికిన వాసన వచ్చాకే కుండ దించి, రెండు పాదాల మధ్య అదిమిపట్టి, కండ నొప్పి పుట్టేట్టు కెలుకుతారు. తడిచేత్తో తీసి ముద్ద చేస్తే నున్నగా మెరుస్తుంది, విరగదు.

అక్కడ జరిగింది ఏమిటి? ఉడుకు తగిలి రాగిలోని పిండిపదార్థం నీళ్లు పీల్చి, ఉబ్బి, జిగురెక్కింది. నూకల గంజి దానికి తోడైంది. గోధుమలో మాంసకృత్తు చేసే పనిని ఇక్కడ ఉడుకునీళ్లు చేశాయి. రాగిరొట్టెకు మసిలే నీళ్లతోనే పిండి కలపడం, అరిసెకు బియ్యప్పిండిని బెల్లం పాకంలో పోసి తిప్పడం ఇదే సూత్రం. ఇడ్లీ, దోసెల సూత్రం వేరు. మినప్పప్పు రుబ్బితే వచ్చే నురగ, జిగురు కలిసి పులుపు పుట్టించిన గాలిని బయటికి పోనివ్వవు. గ్లూటెన్ లేని కేకుల పుస్తకాల్లో పిండిని ముందే ఉడుకునీళ్లతో తడపమని చెప్పే చోట సంగటి గుర్తుకొస్తే ఆశ్చర్యం లేదు.

సంగటి ఏడాదంతా ఒకటే. దాని పక్కన ఏముందన్నదే కాలాన్ని చెబుతుంది.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. హార్సిలీ కొండ పక్కనే. మార్గశిరంలో మంచు దిగిన దగ్గర్నించి సంక్రాంతి దాటేదాకా సంతల్లో అనపకాయలదే రాజ్యం. కొనేవాళ్లు కాయను వేలితో నొక్కి గింజ నిండిందో లేదో చూస్తారు, నలిపి వాసన చూస్తారు. వేళ్లకు జిడ్డు అంటి ఆ వాసన కడిగినా పోకపోతే అది మంచి కాయ. మంచు బాగా కురిసిన ఏడు వాసన ఇంకా ఎక్కువని పండించేవాళ్ల మాట. ఒలిచిన గింజలు రాత్రి నానేస్తే పొద్దున ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ కూర్చోవాలి. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. గురి తప్పితే ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాన పడుతుంది. తోళ్లు ఆవుకు, పప్పు పొయ్యి మీదికి. అల్లం, తెల్లగడ్డ, ధనియాలు, చెక్కాలవంగం, కొబ్బరి నూరిన మసాలాలో ఒక ఉర్లగడ్డ, రెండు టమోటాలు తోడేసి ఉడికిస్తే అదే పితికిపప్పు. సంగటిలోకి, దోసెలోకి, పండగనాడు దేనిలోకైనా. ఇదే కాయకు బెంగళూరులో ఏటా అవరెకాయి మేళా జరిపి దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ దానితోనే చేస్తారు. జిలేబీలో అనపగింజ వేయడం నాకైతే మింగుడుపడలేదు. అది బెంగళూరువాళ్ల ఇష్టం.

చలి పోయాక చింతచిగురు, ఆపైన మామిడి. తొలకరి పడితే పొలం గట్లమీద గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు. అన్నీ కలిపి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, ఎర్రగడ్డ తాలింపు పెడితే సంగటికి అంతకుమించిన జోడీ లేదు. విత్తనం కొనక్కర్లేదు, ఎరువు వేయక్కర్లేదు, వంగి కోసుకునే ఓపిక ఉంటే చాలు. ఆశ్వయుజంలో పచ్చి చెనక్కాయలు, సీతాఫలాలు. ఏమీ లేని రోజున చెనిగ్గింజలు వేయించి నూరిన ఊరిబిండి ఉండనే ఉంది.

టమోటాకు మాత్రం ఋతువు కంటే మార్కెట్టు లెక్క ముఖ్యం. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్లో మేలురకం కిలో రెండు వందల రూపాయల దరిదాపులకు పోయింది. పండించే ఊళ్లలోనే పచ్చిపులుసుతో సరిపెట్టుకున్నారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర నేలకు దిగింది. రేటు పడినప్పుడు తెలివైన ఇల్లాలు కిలోల కొద్దీ తెచ్చి, చక్రాలుగా తరిగి, ఉప్పు రాసి మిద్దె మీద ఎండేస్తుంది. ఆ ఒరుగుల పని కాసేపట్లో చెబుతాను.

ఈ కథంతా రాగిదే అయినా, నడుమ చాలాకాలం రాగి చిన్నచూపుకు గురైంది. చెనక్కాయ పంట చేలను ఆక్రమించింది. బోర్లు వచ్చాక టమోటా వచ్చింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చాక వరన్నం రోజూ తినగలిగే తిండైంది. చుట్టాలొస్తే సంగటి కుండ దాచి అన్నం వండిన ఇళ్లు ఉన్నాయి. అందులో తప్పేముంది? ఆకలి ఎరిగినవాళ్లకు తెల్లన్నం గౌరవం. ఆ తర్వాత చక్కెర జబ్బు వచ్చింది, రాత్రిపూట చపాతీ వచ్చింది. అలా గోధుమ ఇక్కడి ఇళ్లలోకి మందుచీటీ పట్టుకుని దిగింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో ఆంధ్రప్రదేశ్ సర్కారీ బళ్లలో రాగిజావ మొదలైంది. రాగికి పోయిన పరువు తిరిగొచ్చింది, బేకరీలో రెట్టింపు ధరతో సహా.

ఇక జబ్బు మాట. గ్లూటెన్ తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు సీలియాక్. విడవని విరేచనాలు, ఎదగని పిల్లలు, ఎంత మందిచ్చినా ఎక్కని రక్తం దాని గుర్తుల్లో కొన్ని. దీనికీ గోధుమకూ ఉన్న లంకెను నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విలెం కారెల్ డికె 1950లో తన సిద్ధాంత వ్యాసంలో బయటపెట్టాడు. మన దేశంలో హరియాణా, అస్సాం, వెల్లూరు ప్రాంతాల్లో 23 వేలమందికి పైగా పెద్దలను పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. ఉత్తరాదిన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్‌ను సూచించే ప్రతిరక్షకాలు కనిపిస్తే వెల్లూరు వైపు 0.10. ఈ జబ్బుకు లోనయ్యే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానమే. తేడా కంచంలో ఉంది. హరియాణాలో మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే వెల్లూరులో 25 గ్రాములు. వెల్లూరు చిత్తూరుకు పొరుగూరే, కాబట్టి ఆ లెక్క మనకు పరాయిది కాదు.

అందువల్ల ఊరందరూ గోధుమ మానేయాలని చెప్పడం అర్థం లేని మాట. పడేవాళ్లు హాయిగా తినొచ్చు. అనుమానం ఉన్నవాళ్లు ముందే మానేసి తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్తే రక్తపరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. పరీక్ష అయ్యేదాకా తింటూనే ఉండాలి. రాగి తింటే చక్కెర పెరగదనుకోవడమూ భ్రమే. సన్నగా విసిరిన పిండితో పల్చటి జావ కాచి గ్లాసుల కొద్దీ తాగితే గ్లూకోజు పెరగకుండా ఎక్కడికి పోతుంది?

సీలియాక్ ఉన్నవాళ్లకు పల్లెలో అసలు ప్రమాదం పిండిమిషను. అదే రాయి, అదే గొట్టం. మీ ముందు ఎవరో గోధుమలు ఆడించి పోయుంటారు. గ్లూటెన్ రహితమని చెప్పుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార ప్రమాణాల నిబంధన. మిషనులో మిగిలిన గుప్పెడు గోధుమపిండితో ఆ గీత దాటిపోతుంది. ఇంట్లో మిక్సీలోనో తిరగలిలోనో ఆడించుకోవడమే నయం. రెండో దొంగ ఇంగువ. డబ్బాలో వచ్చే కూటు ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుపుతారు. అన్నీ జాగ్రత్తగా వండి చివర పులుసు తాలింపులో చిటికెడు వేస్తే పని చెడుతుంది.

ఇప్పుడు కేకు. సంగటి నేర్పిన పద్ధతిలోనే. తురిమిన బెల్లం 150 గ్రాములు తీసుకుని 120 మిల్లీలీటర్ల నీళ్లలో మరగనిచ్చి, వడగట్టి, పొగలు చిమ్ముతుండగానే 150 గ్రాముల రాగిపిండి మీద పోసి కలపండి. మూతపెట్టి అరగంట వదిలేయండి. ఈ అరగంట మానేస్తే కేకు పంటికింద గరగరలాడుతుంది. చల్లారాక బియ్యప్పిండి 50 గ్రాములు, వేయించి పొట్టు తీసి పొడి కొట్టిన చెనిగ్గింజలు 50 గ్రాములు, మెదిపిన మాగిన అరటిపళ్లు రెండు, పెరుగు 100 గ్రాములు, చెనక్కాయ నూనె 80 మిల్లీలీటర్లు, గిలక్కొట్టిన గుడ్లు రెండు చేర్చండి. గుడ్డు తినని ఇళ్లలో చెంచాడు ఇసబ్‌గోల్ పొట్టును నీళ్లలో నానేసి వేస్తే ఆ జిగురు పట్టు ఇస్తుంది. ఆఖర్న ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, పావు చెంచా వంటసోడా. ఓవెనుంటే 170 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. లేకపోతే మందపాటి కుక్కర్లో అడుగున ఉప్పు పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి, ముందు పది నిమిషాలు వేడెక్కించి, సన్నసెగ మీద ముప్పావుగంట పైన. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. పూర్తిగా చల్లారేదాకా కోయకండి. వేడిమీద కోస్తే విరిగి పొడైపోతుంది, పిండిపదార్థం చల్లబడ్డాకే గట్టిపడుతుంది.

జూన్‌లో అరటి బదులు బెంగుళూరా మామిడి గుజ్జు వేసుకోవచ్చు. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే రకమే అది. పులుపు ఉంటుంది కనుక సోడాతో పొత్తు కుదురుతుంది. సీతాఫలం మాత్రం పొయ్యికెక్కించకండి, వేడి తగిలితే చేదెక్కుతుంది. గింజలు తీసి, పచ్చి గుజ్జునే కేకు ముక్క మీద వేసుకుని తినాలి.

ఒరుగుల సంగతి. ఎండిన టమోటాను పొడి కొట్టి, 200 గ్రాముల బియ్యప్పిండిలో రెండు చెంచాలు కలపండి. పుట్నాల పొడి 50 గ్రాములు, కారం, ఉప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన చెనిగ్గింజలు, కరివేపాకు. రెండు చెంచాల కాగిన నూనె పోసి, వేణ్నీళ్లతో ముద్ద చేసి, అరిటాకు మీద పల్చగా తట్టి 180 డిగ్రీల్లో 25 నిమిషాల దాకా కాల్చండి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. ఇది మన నిప్పట్టే, నూనెలో మునగని నిప్పట్టు. బేకరీల్లో దొరికే దాంట్లో కరకరలాడటానికి మైదా కలుపుతుంటారు, అడిగి కొనండి.

బ్రెడ్డు సంగతి అడిగేవాళ్లూ ఉంటారు. రాగితో, కొర్రలతో రొట్టె పొంగించాలని చూసి ఇటుకలు తయారుచేసినవాళ్లను ఎరుగుదును. జిగుళ్లు, గంజిపొడులు నాలుగు రకాలు కొని కలిపితే వస్తుంది, కాదనను. కానీ రాత్రి రుబ్బిన పిండి ఇంట్లో పులిసి ఉండగా ఆ ఖర్చు దేనికి? కొర్రలు మూడు పాళ్లు, మినప్పప్పు ఒక పాలు, గుప్పెడు మెంతులు నానేసి రుబ్బి, పొద్దున గుంతపొంగనాల పెనంలో పోయండి. పైన కరకర, లోపల దూది. పిల్లల టిఫిను డబ్బాలో బ్రెడ్డు కంటే ముందు అవే అయిపోతాయి.